శతకోటి మీద ఏడు

కోడింగ్ కాంటెస్టులు రాసేవాళ్ళకి ఈ లైను కంఠతా వచ్చేసి ఉంటుంది: "జవాబు చాలా పెద్దగా ఉండొచ్చు కాబట్టి, దాన్ని 1,00,00,00,007తో భాగిస్తే వచ్చే శేషాన్ని ప్రింట్ చేయండి." మనం ఏం చేస్తాం? ప్రోగ్రామ్ మొదట్లో ఆ నంబర్ రాసేసి, దానికి "మాడ్" అని పేరు పెట్టేసి, కూడిక కనిపిస్తే మాడ్, గుణకారం కనిపిస్తే మాడ్ అంటూ పోతాం. ఫస్ట్ ఇయర్ నుంచి నేనూ అదే చేశాను. ఎన్ని వందల సార్లు టైప్ చేశానో లెక్కే లేదు.

పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి మా జూనియర్ ఒకమ్మాయి నా రూమ్‌కి వచ్చి పక్కన కూర్చుని ప్రాక్టీస్ చేస్తోంది. తను పదో తరగతి దాకా తెలుగు మీడియం. నా స్క్రీన్ వైపు కాసేపు చూసి, సున్నాలు వేలితో లెక్కపెట్టి, అడిగింది.

"అక్కా, ఇది వంద కోట్ల ఏడు కదా? ఏడే ఎందుకు? మూడో, ఎనిమిదో ఎందుకు కాదు?"

"అది ప్రైమ్ కదా, అందుకు."

"ప్రధాన సంఖ్య అయితే ఏంటి లాభం?"

"ఓవర్‌ఫ్లో రాకుండా ఉంటుంది" అన్నాను, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి.

"వంద కోట్లు అని రౌండ్‌గా పెట్టుకున్నా ఓవర్‌ఫ్లో రాదు కదక్కా. దానికి ప్రధాన సంఖ్యే ఎందుకు?"

కరెక్టే. నా దగ్గర జవాబు లేదు. "రేపు చెప్తాలే" అని తప్పించుకున్నాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే దానికి రెండు వారాల ముందే నేను ఒక ఇంటర్న్‌షిప్ ఆన్‌లైన్ టెస్ట్ పోగొట్టుకున్నాను. పోగొట్టింది ఈ నంబరే. అప్పుడు తప్పు ఎక్కడో కూడా నాకు అర్థం కాలేదు.

నా ప్రోగ్రామ్ ఎక్కడ చచ్చిపోయింది

ఆ టెస్ట్‌లో ఒక ప్రశ్న చివరికి చాలా చిన్న పనికి వచ్చి ఆగింది. 1 నుంచి ఎన్ వరకు ఉన్న సంఖ్యలన్నీ కూడాలి, జవాబు శతకోటి ఏడు మాడ్యులోలో ఇవ్వాలి. ఫార్ములా అందరికీ తెలుసు: ఎన్‌ని, ఎన్ కంటే ఒకటి ఎక్కువ ఉన్న సంఖ్యతో గుణించి, రెండుతో భాగించడం. ఎన్ పెద్దది కాబట్టి నేను ముందు గుణించి, మాడ్ తీసుకుని, ఆ తర్వాత రెండుతో భాగించాను. శాంపిల్ టెస్టులన్నీ గ్రీన్. సబ్మిట్ చేశాను. హిడెన్ టెస్టుల్లో దాదాపు అన్నీ ఎర్రగా వచ్చాయి. మిగిలిన ఇరవై నిమిషాలూ లూపులు మార్చుకుంటూ కూర్చున్నాను. తప్పు లూపుల్లో లేదు.

ఇప్పుడు చూస్తే భలే కచ్చితంగా తెలుస్తోంది. ఎన్ 31,622 అయ్యేవరకు నా ప్రోగ్రామ్ అన్నిటికీ సరైన జవాబే ఇస్తుంది. ఎందుకంటే అప్పటిదాకా ఆ గుణకారం వంద కోట్లు దాటదు, మాడ్‌కి అసలు పనే ఉండదు. ఎన్ 31,623 అయిన వెంటనే గుణకారం 1,00,00,45,752 అవుతుంది. మాడ్ తీస్తే మిగిలేది 45,745. నేను దాన్ని రెండుతో భాగించాను. బేసి సంఖ్య కాబట్టి కంప్యూటర్ ఆ అర ముక్క పారేసి 22,872 ఇచ్చింది. అసలు రావాల్సిన జవాబు 50,00,22,876.

యాభై కోట్లు ఎక్కడ, ఇరవై రెండు వేలు ఎక్కడ!

మాడ్ లోకంలో కూడొచ్చు, తీసేయొచ్చు, గుణించొచ్చు. భాగించడం మాత్రం మామూలుగా కుదరదు. అయితే కుదిరే దారి ఒకటుంది. ఆ దారి ఎప్పుడూ తెరిచి ఉండాలంటే కింద ఉన్న సంఖ్య ప్రధాన సంఖ్య అయి ఉండాలి. జూనియర్ అడిగిన ప్రశ్నకి అసలు జవాబు ఇదే. మిగతా వ్యాసం అంతా ఈ రెండు వాక్యాల వివరణే.

ముందు చిన్న ఏడుతో

వంద కోట్లతో ఆడుకోవడం కష్టం కాబట్టి, ముందు పక్కన ఉన్న ఏడునే తీసుకుందాం. ఏడు మాడ్యులో అంటే మనకి కొత్తేం కాదు, వారాలు లెక్కపెట్టడమే. ఈరోజు సోమవారం అయితే వంద రోజుల తర్వాత ఏ వారం? పద్నాలుగు వారాలకి 98 రోజులు పోతాయి, రెండు మిగులుతాయి, కాబట్టి బుధవారం. వందని పక్కన పెట్టి రెండుతోనే పని కానిచ్చాం. శేషం అంటే ఇంతే.

ఈ లోకంలో ఉన్నవి ఏడే సంఖ్యలు: 0, 1, 2, 3, 4, 5, 6. కూడినా గుణించినా ఏడు దాటితే మళ్ళీ వెనక్కి తిప్పుకుంటాం. 5ని 4తో గుణిస్తే 20, అంటే 6.

ఇప్పుడు భాగహారం. 20ని 4తో భాగిస్తే 5 అని మనకి తెలుసు. కానీ మన దగ్గర 20 లేదు, దాని శేషం 6 మాత్రమే ఉంది. 6ని 4తో భాగిస్తే ఒకటిన్నర. ఈ లోకంలో ఒకటిన్నర అనే సంఖ్యే లేదు. ఇక్కడే నేను టెస్ట్‌లో పడిపోయింది.

మరి భాగించడం అంటే ఏంటి? మామూలు లెక్కల్లో 4తో భాగించడమూ, నాలుగో వంతుతో గుణించడమూ ఒకటే. నాలుగో వంతు అంటే, 4తో గుణిస్తే 1 వచ్చేది. దీన్నే మా జూనియర్ స్కూల్ పుస్తకం "గుణకార విలోమం" అంటుంది. నేను ఇన్వర్స్ అంటాను. రెండూ ఒకటే అని ఆ వారమే నాకు తెలిసింది.

ఏడు లోకంలో 4కి విలోమం ఏది? 4ని 2తో గుణిస్తే 8, అంటే 1. దొరికింది! 4కి జోడీ 2. కాబట్టి 4తో భాగించాలంటే 2తో గుణించాలి. 6ని 2తో గుణిస్తే 12, అంటే 5. సరిగ్గా మనకి రావాల్సిన జవాబు.

మిగతావాటికి కూడా చూడండి. 1కి 1, 2కి 4, 3కి 5 (గుణిస్తే 15), 6కి 6 (గుణిస్తే 36). సున్నా తప్ప అందరికీ జోడీ ఉంది. ఎవరూ ఒంటరిగా మిగల్లేదు.

ఇప్పుడు ఏడు బదులు ఎనిమిది పెట్టండి. 2కి జోడీ వెతకండి. 2ని వరసగా 1, 2, 3, 4 అలా గుణిస్తూ పోతే 2, 4, 6, 0, మళ్ళీ 2, 4, 6, 0. ఎంత తిరిగినా 1 రాదు. 2తో భాగించడం అనేదే ఎనిమిది లోకంలో లేదు. ఇంకా ఘోరం ఏంటంటే 2ని 4తో గుణిస్తే సున్నా. రెండు సున్నా కాని సంఖ్యలు కలిసి సున్నా అయిపోయాయి. అలా సున్నా అయిపోయాక ముందు అక్కడ ఏముందో తిరిగి తెలుసుకోలేం.

ప్రధాన సంఖ్య చేసే పని

ఏడులో అందరికీ జోడీ దొరకడం అదృష్టం కాదు. కారణం ఇది. 3ని తీసుకుని 1 నుంచి 6 వరకు వరసగా గుణిద్దాం. శేషాలు 3, 6, 2, 5, 1, 4. చూశారా, ఒక్కటి కూడా రిపీట్ కాలేదు. ఎందుకు కాలేదు? రెండు చోట్ల ఒకే శేషం వచ్చిందంటే, ఆ రెండు గుణకారాల తేడా ఏడుతో నిశ్శేషంగా భాగించబడాలి. ఆ తేడా ఏంటి? 3ని, ఏడు కంటే చిన్న ఏదో సంఖ్యతో గుణించినది. ఏడు ప్రధాన సంఖ్య, దాన్ని ముక్కలు చేసి సగం ఇక్కడ, సగం అక్కడ దాచలేం. గుణకారాన్ని ఏడు భాగించాలంటే రెండిట్లో ఒకదాన్ని పూర్తిగా భాగించాలి. రెండూ ఏడు కంటే చిన్నవి, కాబట్టి కుదరదు. ఎనిమిదిలో ఈ వాదన నిలవదు. ఎనిమిదిని 2, 4 అని ముక్కలు చేసి రెండు వైపులా దాచేయొచ్చు.

కాబట్టి ఆరుగురు ఉన్నారు, ఆరు కుర్చీలు ఉన్నాయి, ఏ కుర్చీలోనూ ఇద్దరు కూర్చోలేదు. అంటే ఖాళీ కుర్చీ లేదు. 1 అనే కుర్చీలో కూడా ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. ఆ ఎవరో ఒకరే విలోమం.

ఏడు బదులు శతకోటి ఏడు పెట్టినా వాదన అక్షరం మారదు. ఆరుగురి బదులు వంద కోట్ల ఆరుగురు, అంతే.

ఇప్పుడు జూనియర్ ప్రశ్నకి పూర్తి జవాబు ఇవ్వొచ్చు. మాడ్‌గా రౌండ్‌గా వంద కోట్లు పెట్టుకుంటే ఏమవుతుంది? వంద కోట్లు అంటే 2లూ 5లూ గుణించగా వచ్చింది. కాబట్టి సరి సంఖ్యలకీ, 5 గుణిజాలకీ విలోమం ఉండదు. లెక్క చూస్తే 40 కోట్ల సంఖ్యలకి మాత్రమే జోడీ ఉంటుంది, 60 కోట్ల సంఖ్యలకి ఉండదు. మన ప్రోగ్రాముల్లో ఎక్కువగా భాగించేది దేనితో? 2తో, లేదా కాంబినేషన్ల ఫార్ములాలో ఫ్యాక్టోరియల్స్‌తో. అవన్నీ ఆ 60 కోట్లలోనే పడతాయి.

మరి ఏడే ఎందుకు?

"శతకోటి లింగాల్లో బోడిలింగం" అని మన సామెత. శతకోటి అంటే వంద కోట్లు, 1 పక్కన తొమ్మిది సున్నాలు. మనకి శతకోటికి దగ్గరలో ఒక ప్రధాన సంఖ్య కావాలి. ఒక్కో మెట్టూ ఎక్కుదాం. సరి సంఖ్యల్ని చూడక్కర్లేదు.

శతకోటి ఒకటి: కుదరదు. అది 7, 11, 13, 19, 52,579ల గుణకారం.

శతకోటి మూడు: చూడ్డానికి ప్రధాన సంఖ్యలానే ఉంటుంది. కానీ 23తో పోతుంది. 23 × 307 × 1,41,623.

శతకోటి అయిదు: చివర 5 ఉంది, చెప్పనక్కర్లేదు.

శతకోటి ఏడు: దేనితోనూ పోదు.

అంటే శతకోటి దాటాక ఎదురయ్యే మొట్టమొదటి ప్రధాన సంఖ్య ఇదే. పది అంకెలున్న ప్రధాన సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది. గుర్తుపెట్టుకోవడం కూడా తేలిక.

"దేనితోనూ పోదు" అని ఎలా తెలుసు? స్కూల్లో నేర్చుకున్న పద్ధతే చాలు. ఒక సంఖ్యకి కారణాంకాలు ఉంటే, అందులో ఒకటైనా దాని వర్గమూలం కంటే పెద్దది కాకుండా ఉండాలి. శతకోటి ఏడు వర్గమూలం 31,622 చిల్లర. (అవును, నా ప్రోగ్రామ్ చచ్చిపోయిన చోటే.) అంతలోపు ఉన్న ప్రధాన సంఖ్యలు 3,401. వాటన్నిటితో భాగించి చూసి ఏదీ పోకపోతే అది ప్రధాన సంఖ్యే. లాప్‌టాప్‌కి ఇది కన్ను మూసి తెరిచేలోపు పని. వందల అంకెలున్న సంఖ్యలకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ఎంత పెద్ద సంఖ్యనైనా "ప్రధానమా, కాదా" అని ఊహలూ లాటరీలూ లేకుండా, అంకెల సంఖ్యతో పోలిస్తే తగినంత త్వరగా తేల్చే పద్ధతి ఉందని 2002లో నిరూపించింది మన ఐఐటీ కాన్పూర్ వాళ్ళే: మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. కయాల్, సక్సేనా అప్పుడే బీటెక్ పూర్తి చేసినవాళ్ళు. ఇది చదివాక నేను నా సీజీపీఏ వైపు ఒకసారి చూసుకుని ట్యాబ్ మూసేశాను.

ఇక సైజు సంగతి. మామూలు 32 బిట్ల ఇంటిజర్‌లో పట్టే పెద్ద సంఖ్య 2,14,74,83,647. మన శేషాలు రెండు కూడితే గరిష్ఠంగా 2,00,00,00,012 అవుతుంది. సరిపోయింది. రెండు శేషాలు గుణిస్తే 1 పక్కన 18 సున్నాల కంటే కొంచెం ఎక్కువ. 64 బిట్లలో 9 పక్కన 18 సున్నాల దాకా పడుతుంది. అదీ సరిపోయింది. కాబట్టి నేను చెప్పిన "ఓవర్‌ఫ్లో" జవాబు పూర్తిగా తప్పు కాదు. అది సైజుకి కారణం. ప్రధాన సంఖ్య కావడానికి కారణం భాగహారం. ఈ రెండిటినీ నేను కలిపేసుకున్నాను.

విలోమం పట్టుకోవడం ఎలా

జోడీ ఉంది అని తెలిసింది. వంద కోట్ల మందిలో వెతికేదెలా? కొన్నిటికి చేతితోనే దొరుకుతుంది. శతకోటి ఏడుకి ఒకటి కలిపితే శతకోటి ఎనిమిది, దాని శేషం 1. అందులో సగం 50,00,00,004. కాబట్టి 2కి విలోమం అదే. మూడో వంతు 33,33,33,336. కాబట్టి 3కి విలోమం అది. అంటే ఈ లోకంలో "అర" అంటే యాభై కోట్ల నాలుగు!

అన్నిటికీ పనికొచ్చే తాళంచెవి మాత్రం ఫెర్మాది. 1640లో ఆయన ఒక ఉత్తరంలో రాశారు, ప్రూఫ్ ఇవ్వకుండా. ప్రూఫ్ ప్రచురించింది దాదాపు వందేళ్ళ తర్వాత ఆయిలర్. అది మనకి ఇందాక కుర్చీల దగ్గరే సగం వచ్చేసింది. 3ని 1 నుంచి 6 వరకు గుణిస్తే వచ్చిన శేషాలు 3, 6, 2, 5, 1, 4. ఇవి అవే ఆరు సంఖ్యలు, వరస మారిందంతే. కాబట్టి అన్నీ కలిపి గుణిస్తే రెండు వైపులా ఒకటే రావాలి. కానీ ఒక వైపు ఆరు 3లు ఎక్కువ ఉన్నాయి. అంటే ఆ ఆరు 3ల గుణకారం 1తో సమానం. సరిచూడండి: 3ని ఆరు సార్లు వేసి గుణిస్తే 729. ఏడుతో భాగిస్తే శేషం 1.

ఆరు 3లు గుణిస్తే 1 అయితే, ఒక 3ని పక్కన పెట్టండి. మిగిలిన అయిదు 3ల గుణకారమే 3కి విలోమం. శతకోటి ఏడులో అయితే ఏ సంఖ్యకైనా దాని శతకోటి అయిదో ఘాతమే విలోమం.

వంద కోట్ల సార్లు గుణించాలా? అక్కర్లేదు. వర్గం, ఆ వర్గానికి వర్గం, దానికి మళ్ళీ వర్గం అంటూ పోతే 60 కంటే తక్కువ గుణకారాల్లో పని అయిపోతుంది. మనం దీన్ని ఆల్గారిథమ్స్ పేపర్‌లో చదువుతాం. మన లిటరరీ క్లబ్ వాళ్ళకి మాత్రం ఇంకో చోట కనిపించాలి. పింగళుడి ఛందశ్శాస్త్రంలో ఇదే ఉంది, రెండు వేల ఏళ్ళకి పైగా వెనకటిది. పద్యపాదంలో ఒక్కో అక్షరం గురువో లఘువో అవుతుంది కాబట్టి, మూడు అక్షరాలకి ఎనిమిది గణాలు (య, మ, త, ర, జ, భ, న, స). అక్షరాలు పెరిగే కొద్దీ రెట్టింపు అవుతూ పోతాయి. మరి ఇరవై, ముప్పై అక్షరాల పాదానికి ఎన్ని రకాలో త్వరగా లెక్కపెట్టేదెలా? అక్షరాల సంఖ్య సరి అయితే సగం చేసి వర్గం తీసుకో, బేసి అయితే ఒకటి తగ్గించి రెట్టింపు చెయ్. ఆయన సూత్రం సారాంశం అదే, మనం రాసే ఫంక్షనూ అదే. పద్యాలకీ కోడింగ్‌కీ ఏం సంబంధం అని నన్ను ఎవరైనా అడిగితే ఇక నుంచి ఇదే చూపిస్తాను.

శతకోటి ఏడుకి సొంతంగా ఉన్న గుణాలు

ఇప్పటిదాకా చెప్పినవి ఏ ప్రధాన సంఖ్యకైనా ఉంటాయి. దీనికి ప్రత్యేకంగా ఉన్నవి రెండు.

ఒకటి, దీనికి కవల ఉంది. శతకోటి తొమ్మిది కూడా ప్రధాన సంఖ్యే. రెండు తేడాతో పక్కపక్కనే ఉన్న ఇలాంటి జంటల్ని కవల ప్రధాన సంఖ్యలు అంటారు. ఇలాంటివి అనంతంగా ఉన్నాయా, ఎక్కడో ఆగిపోతాయా అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు.

రెండోది నాకు ఇంకా నచ్చింది. దీంట్లోంచి ఒకటి తీసేస్తే శతకోటి ఆరు. దాన్ని సగం చేస్తే 50,00,00,003. అది కూడా ప్రధాన సంఖ్యే. అయితే ఏంటి? 1 దగ్గర మొదలుపెట్టి ఒకే సంఖ్యతో గుణిస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ 1 దగ్గరికి వస్తాం. ఎన్ని అడుగుల్లో అన్నది శతకోటి ఆరుని నిశ్శేషంగా భాగించే సంఖ్యే అయి ఉండాలి. అలాంటివి నాలుగే: 1, 2, యాభై కోట్ల మూడు, శతకోటి ఆరు. 1 అడుగులో తిరిగొచ్చేది 1, రెండు అడుగుల్లో తిరిగొచ్చేది శతకోటి ఆరు. సున్నాని, ఈ రెండిటినీ వదిలేస్తే, మిగతా ఏ సంఖ్యతో బయల్దేరినా కనీసం యాభై కోట్ల అడుగులు నడిస్తే గానీ ఇంటికి రాం. 2తో వెళ్తే సరిగ్గా 50,00,00,003 అడుగులు. 5తో వెళ్తే దారిలో ఉన్న ఒక్కో సంఖ్యనీ ఒక్కోసారి పలకరించి, శతకోటి ఆరు అడుగుల తర్వాత తిరిగొస్తాం. మధ్యలో షార్ట్‌కట్‌లు లేవు.

దీన్ని నమ్మకూడని చోటు

ఇది పెద్ద సంఖ్యే, కానీ అన్నిటికీ పెద్దది కాదు. స్ట్రింగుల్ని పోల్చడానికి హ్యాష్ వాడేటప్పుడు మనలో చాలామంది ఈ ఒక్క మాడ్‌తోనే కానిచ్చేస్తాం. వంద కోట్ల గడులు ఉన్నాయి, గుద్దుకోవులే అనుకుంటాం. క్లాసులో 23 మంది ఉంటే చాలు, ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే. అదే లెక్క ఇక్కడ వేస్తే దాదాపు 37 వేల స్ట్రింగులకే ఏవో రెండు గుద్దుకునే అవకాశం సగానికి వస్తుంది. లక్ష స్ట్రింగులు ఇచ్చే ప్రశ్నలో ఇది ఏ మూలకి? అందుకే కవలలిద్దర్నీ కలిపి వాడతారు. ఏడుతో ఒక శేషం, తొమ్మిదితో ఒక శేషం. రెండూ ఒకేసారి కలవాలంటే చాలా కష్టం.

రహస్యాలు దాచడానికైతే అసలే పనికిరాదు. ఆర్‌ఎస్‌ఏలో 2,048 బిట్ల కీకి వాడే రెండు ప్రధాన సంఖ్యలకీ ఒక్కోదానికి 300కి పైగా అంకెలు ఉంటాయి. ఇక 2024 అక్టోబర్‌లో ప్రకటించిన అతిపెద్ద ప్రధాన సంఖ్యకి 4,10,24,320 అంకెలు. దాని పక్కన నిలబెడితే మన పది అంకెల నంబర్ నిజంగానే బోడిలింగం.

అయినా మన పనికి కావాల్సింది ఈ బోడిలింగమే. 32 బిట్లలో పడుతుంది, గుణిస్తే 64 బిట్లలో పడుతుంది, దేనితోనైనా భాగించనిస్తుంది.

మళ్ళీ 31,623 దగ్గరికి

మూడు రోజుల తర్వాత జూనియర్‌ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. నాకు తెలుగులో మాటలు దొరకని చోటల్లా తనే అందించింది: శేషం, కారణాంకం, విలోమం, నిశ్శేషంగా. పన్నెండేళ్ళు ఇంగ్లీష్‌లో లెక్కలు చేసినదాన్ని, తెలుగులో చెప్పాల్సి వచ్చేసరికి ఏది నాకు నిజంగా తెలుసో, ఏది ఊరికే అలవాటుగా అనేస్తున్నానో బయటపడిపోయింది. "మాడ్ ఇన్వర్స్" అనేస్తే గడిచిపోతుంది. "దేనితో గుణిస్తే ఒకటి వస్తుందో అది" అని చెప్పాలంటే ముందు అర్థం కావాలి.

నా పాత ప్రోగ్రామ్ కూడా చూపించాను. 45,745 దగ్గర ఆపి, "దీన్ని సగం చెయ్యాలి, కానీ బేసి" అన్నాను. తను కాసేపు ఆలోచించి, "బేసి అయితే శతకోటి ఏడు కలుపుదాం అక్కా. శేషం మారదు, సరి సంఖ్య అయిపోతుంది" అంది. కలిపితే 1,00,00,45,752. సగం చేస్తే 50,00,22,876.

సరైన జవాబు. విలోమం అనే మాట కూడా అవసరం రాలేదు. యాభై కోట్ల నాలుగుతో గుణించినా వచ్చేది ఇదే, మీరు చేసి చూడండి.

ఆ టెస్ట్ ఎలాగూ పోయింది, ఆ కంపెనీ నుంచి మెయిల్ కూడా రాలేదు. కానీ తను అంతటితో వదల్లేదు. "ఇంకో ప్రాబ్లమ్‌లో 99,82,44,353 అని ఇచ్చారక్కా. అది ఎందుకు?"

ఈసారి "రేపు చెప్తాలే" అనలేదు. "అదీ ప్రధాన సంఖ్యే. దాంట్లోంచి ఒకటి తీసేసి, రెండుతో భాగిస్తూ పో. ఎన్నిసార్లు పోతుందో లెక్కపెట్టు" అన్నాను. మీరు కూడా లెక్కపెట్టండి. నాకు 23 వచ్చింది. అది ఎందుకు పనికొస్తుందో వచ్చే సంచికలో ఎవరైనా రాస్తే, మొదట చదివేది నేనే.